మిరప బస్తాల మధ్య చలి

"మా మరదలికి నా మీద కోపం గానీ, నాకైతే ఆమె మీద ఏం లేదబ్బా" అని మా బావగారు నలుగురు కూర్చున్న చోటల్లా అంటుంటారు. ఆయన మా ఆయనకు అన్న. ఎవరింట్లో పెళ్ళయినా చావయినా ముందు నిలబడే మనిషి. ఆయన మంచివారన్న సంగతి మా ఏన్కూరు చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు, నన్ను అడిగితే నేనూ చెబుతాను. అయినా కోపం ఉంది. కారణం విన్నవాళ్ళు నా ముఖం వంక ఒక రకంగా చూసి, "ఒక కుక్క కోసమా?" అంటారు. అవును, ఒక కుక్క కోసమే.

మేం స్వీడన్‌లో పదేళ్ళకు పైగా ఉన్నాం. మా ఆయన ఒక కంపెనీలో ఇంజనీరు, నేను పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిని. పిల్లలు లేరు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కుక్కల మాట ఎత్తగానే మన జనం నేరుగా అక్కడికే వస్తారు. పిల్లలు లేక పెంచుకున్నవి కావు. కుక్కలు కావాలనిపించి పెంచుకున్న కుక్కలే. రెండూ ఆడవే. పెద్దది బూడిద రంగుది, నెమ్మదైనది, ఎవరో వదిలేస్తే నేను తెచ్చుకున్నాను. చిన్నది తెల్లగా ఉంటుంది. దాన్ని మా ఆయనే ఏరి కోరి, మంచు పడుతున్న రోజు తన కోటు లోపల పెట్టుకుని ఇంటికి తెచ్చారు. అది ఆయన కుక్క, పెద్దది నా కుక్క అని మాకు మేమే పంచుకున్నాం.

ఇక్కడికి తిరిగి వచ్చేయాలన్నది మా ఆయన ఆలోచన. బావగారు ఖమ్మం దగ్గర మిర్చి నిలవ చేసే కోల్డ్ స్టోరేజీలో వాటా తీసుకున్నారు. లోపల మనవాడు ఒకడుండాలి అని తమ్ముణ్ణి రమ్మన్నారు. మా ఆయనకూ స్వీడన్ చలి విసుగెత్తింది. నేను కాదనలేదు. ఒక్కటే షరతు పెట్టాను. అక్కడి మా పశువైద్యురాలు గట్టిగా చెప్పింది: వేడి దేశానికి వెళ్తున్నారు గనుక చలికాలంలోనే చేరండి. చలి తగ్గుతూ ఎండ కొద్దికొద్దిగా ముదురుతుంటే వీటి ఒళ్ళు దానితో పాటే మారుతుంది. ఎండాకాలం మధ్యలో దింపితే మాత్రం తట్టుకోవు. అందుకని నవంబరులో బయలుదేరాలి అన్నాను. మా ఆయన సరేనన్నారు.

నవంబరు దగ్గర పడుతుండగా బావగారు ఫోన్ చేశారు. "ఇప్పుడొచ్చి ఏం జేస్తవురా? గోడౌన్ల ఖాళీ గదులు చూస్తవా? మిర్చి దిగేటప్పుడు రా. సరుకు లోపలికి పోంగ చూస్తెనే గదా పని తెలిసేది."

"సరే అన్నా" అన్నారు మా ఆయన.

ఈ "సరే అన్నా" అనే మాట నేను పెళ్ళయిన మర్నాటి నుంచి వింటున్నాను. వాళ్ళ నాన్నగారు చిన్నప్పుడే పోతే అన్నే చదివించారట, అన్నే పైకి తెచ్చారట. అది నిజమే. అందుకని అన్న మాటకు ఎదురు చెప్పడం ఈ ఇంట్లో లేదు. టికెట్లు మారాయి. ఇంకోసారి కూడా మారాయి. మేం దిగేసరికి మార్చి. కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. విమానంలో నుంచి బోనులు దించి, కారులో ఊరికి తెచ్చేసరికి పెద్దది నాలుక బయటపెట్టి నా ముఖంలోకి చూసింది. ఏమిటిది అని అడుగుతున్నట్టే ఉంది.

సరే, వచ్చాం. ఇక చేయగలిగింది చేయాలి. అన్నదమ్ముల ఇళ్ళు రెండూ ఒకే ప్రహరీలో ఉన్నాయి. మా వాటాలో ఉత్తరం వైపు గది కుక్కలకిచ్చాను. మొదట ఏసీ బాగా చల్లగా పెట్టి, వారం వారం కాస్త కాస్త తగ్గిస్తూ వచ్చాను. తర్వాత ఏసీ తీసి కూలరు, కూలరు తీసి ఉత్త ఫ్యానుతో తడి నేల. వాటిని చల్లగా దాచిపెట్టడం కాదు నా పని, ఎండను కొంచెం కొంచెంగా రుచి చూపించడం. ఇది మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. "ఏసీ ఉంచుకొని ఎందుకమ్మా వాటిని ఉడకబెడుతున్నవ్?" అనేవారు బావగారు. ఒళ్ళు అలవాటు పడాలి బావగారూ అంటే, "అలవాటుదేముంది, చల్ల దేశపు జీవాలు, చల్లగ ఉండాలె" అని ఒక్క మాటతో కొట్టిపారేసేవారు.

నడక తెల్లవారకముందే. అడవి అంచున ఇప్పచెట్ల కింద పువ్వు ఏరడానికి బుట్టలతో గూడెం ఆడవాళ్ళు వచ్చే వేళ. వాళ్ళు మా పెద్దదాన్ని చూసి తమ భాషలో ఏదో అనుకుని పడిపడి నవ్వేవారు. ఒకామె తెలుగులో అడిగింది: "గొర్రెనా, కుక్కనా?" నాకూ నవ్వొచ్చింది. చిన్నది ఇప్పపువ్వు తిని మత్తుగా నడిచేది, దాన్ని లాక్కురావడం ఒక పెద్ద పని. ఎండ పొడ తగలకముందే ఇంటికి చేరేవాళ్ళం. రోడ్డు మీద నా అరచెయ్యి ఆనించి చూసి, నాకు కాలకపోతేనే వాటిని నడిపించేదాన్ని. తిండి పొద్దుగూకాక. మధ్యాహ్నం మజ్జిగ, దోసకాయ, పుచ్చకాయ ముక్కలు. బోరు పక్కన పశువులు నీళ్ళు తాగే సిమెంటు గోలెం ఉంది. నీడలో ఉంటుంది. ఒక రోజు చిన్నది అందులోకి దూకింది, దాన్ని చూసి పెద్దది కూడా మెల్లగా కాలు పెట్టింది. ఆ తర్వాత గోలెం వాటిదైపోయింది, గేదెలకు వేరే తొట్టి వెతుక్కోవాల్సి వచ్చింది.

మా తోడికోడలిది ఇంకో సలహా. "ఆ బొచ్చంత తీపియ్యరాదూ? భద్రాచలం తీస్కపోయి గుండు గొట్టిస్తే పుణ్యానికి పుణ్యం." బొచ్చు తీస్తే ఎండ నేరుగా చర్మానికి తగులుతుందక్కా, అది వాటికి గొడుగు లాంటిది అని చెప్పాను. ఆమె విన్నది. ఆ ఇంట్లో నా మాట చివరిదాకా విన్నది ఆమె ఒక్కతే.

మే నెల మొదటికొచ్చేసరికి పని ఫలించింది. మిట్టమధ్యాహ్నం ఫ్యాను కింద తడి నేల మీద పొట్ట ఆనించి నిద్రపోతున్నాయి. రొప్పడం తగ్గింది. పెద్దది అయితే మేం పడుకునే ఏసీ గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడటం కూడా మానేసింది. ఆలస్యంగా తెచ్చినా గట్టెక్కించాననుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత నా మీద నాకు గర్వంగా అనిపించింది, దాచుకోవడమెందుకు.

అప్పుడే బూర్గంపాడులో మా చెల్లెలి గృహప్రవేశం. తెల్లవారుజామున ముహూర్తం. ముందు రోజే వెళ్ళాలి. వాటిని వదిలి వెళ్ళడం నాకు ఇష్టం లేదు గానీ సొంత చెల్లెలు. బస్టాండులో మా ఆయనకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. కరెంటు పోతే భయం లేదు, ఉత్తరం తలుపు తెరిచి, నేల తడిపి, గోలెం దగ్గరికి వదలండి. అవే చూసుకుంటాయి. ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు. ఆయన నవ్వి, "నాకు తెల్వదా ఏంది? నాయి గావా అవి?" అన్నారు. నేను బస్సెక్కాను.

ఆ రాత్రే మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందట. నాకు తెలియదు. పొద్దున ఫోన్ చేస్తే, "బ్రహ్మాండంగ ఉన్నయ్, చల్లగ ఉన్నయ్, అన్న చూసుకుంటున్నడు" అన్నారు మా ఆయన. చల్లగా ఎట్లా అంటే, "వచ్చినంక చెప్త లే" అని పెట్టేశారు. ఆ గొంతులో ఒక దాపరికం ఉంది. చెల్లెలు హారతికి పిలుస్తుంటే నేను ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. పెట్టింది బావగారు. మే నెలలో తలకు మంకీ క్యాపు, ఒంటికి శాలువా, ముఖం నిండా నవ్వు. చుట్టూ పైకప్పు దాకా మిరప బస్తాలు. ఆయన కాళ్ళ దగ్గర మా పెద్దది, కళ్ళు మూసుకుని వరసగా తుమ్ముతోంది. "చూసిన్రా, మా ఫారిన్ కుక్కలకు ఫారిన్ సలి పెట్టించిన! జనరేటర్ ఉంది, ఫికర్ లేదు!" అంటున్నారు. వెనక ఎవరో చప్పట్లు. అంతలో వీడియో గుమ్మం వైపు తిరిగింది. చిన్నది గుమ్మంలో నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి లోపలికి రానని మొండికేస్తోంది. మెడపట్టీ పట్టుకుని ఒక చెయ్యి దాన్ని లోపలికి లాగుతోంది. ఆ చేతికున్న గడియారం మా ఆయనకు నేను కొనిచ్చిందే.

కింద అందరూ దండాలు, పువ్వులు, చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఒకాయన "మీ మనసు గొప్పది" అని రాశాడు. విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

మిర్చి గదిలోకి మొదటిసారి వెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది. చలి సంగతి తర్వాత, ముందు ఘాటు ముక్కులోకి పోయి గొంతు మూసేస్తుంది. అందులో పనిచేసేవాళ్ళు ముఖానికి తువ్వాలు చుట్టుకుంటారు. కుక్క ముక్కు మన ముక్కు కాదు. పైగా కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే ఒంట్లో వేడి బయటికి పోతుంది. దానికి గొంతే చెమట కారే చోటు. కరెంటు పోగానే తీసుకెళ్ళి, ఆ గొంతును రాత్రంతా మిరప ధూళిలో పెట్టారు.

ఫోన్ చేసి అరిచాను. వెంటనే ఆ గదిలోంచి తీయండి, కానీ ఎండలోకి తేవద్దు, ముందున్న ఆఫీసు గదిలో ఫ్యాను కింద ఉంచి నీళ్ళు పెట్టండి, నేను వచ్చేదాకా కదిలించొద్దు. మా ఆయన "సరే, సరే, అరవకు, అందరు వింటున్నరు" అన్నారు. ఆయన ఆఫీసు గదిలోకి తెచ్చారు, అది నిజం. అప్పుడు బావగారు వచ్చి, ఇక్కడికి వ్యాపారులు వస్తున్నారు, కుక్కలుంటే ఏం బాగుంటుంది, మన ట్రాలీ ఎలాగూ ఖాళీగా ఊరికి పోతోంది, దాంట్లో ఎక్కించు అన్నారట. మా ఆయన ఏమన్నారో నేను చెప్పనక్కర్లేదు. నాకూ సరే అన్నారు, అన్నకూ సరే అన్నారు. నాకిచ్చిన మాట ఫోన్లోనే ఉండిపోయింది, అన్నకిచ్చిన మాట నడిమధ్యాహ్నం ట్రాలీ ఎక్కింది.

పైన కప్పు లేని ట్రాలీ, కింద ఇనుప రేకు. ఖమ్మం దగ్గర నుంచి మా ఊరిదాకా. చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని మా ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నారు. ముందు ఇద్దరికే చోటు గనుక పెద్దదాన్ని వెనక కట్టారు, కింద ఒక పాత గోనె వేశారు. ఆ గోనె కూడా మిరపకాయలదే.

నేను భద్రాచలం వచ్చి బస్సెక్కి కొత్తగూడెంలో దిగాను. ఏన్కూరు బస్సు కోసం చూస్తుండగా మా తోడికోడలు ఫోన్ చేసింది. "చెల్లే, పెద్దది లేస్తలేదే. దించంగనే పడిపోయింది. ఏం జెయ్యాలె?" మా ఆయన కాదు చేసింది, ఆమె. గోలెం నీళ్ళు పొట్ట మీదా చంకల్లోనూ పొయ్యక్కా, ఐసు వద్దు, మామూలు నీళ్ళే, విసనకర్రతో విసురు అని చెబుతూ రోడ్డు మీదికి పరుగెత్తాను. కిరాయి కారు దొరికింది. దారి పొడవునా ఆమె ఫోను పెట్టలేదు. నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

నేను వెళ్ళేసరికి పెద్దది గోలెం పక్కన తడి మట్టిలో పడుకుని ఉంది. చిగుళ్ళు ముదురెరుపు. ఊపిరి గొంతులో గీసుకుంటూ వస్తోంది. నా వాసన తెలిసింది కాబోలు, తోక ఒకసారి మట్టి మీద కదిలింది. పశువుల డాక్టరు గారు అప్పటికే వచ్చి సెలైను పెట్టారు. నోరు తెరిచి టార్చి వేసి చూసి, "గొంతు లోపలంత వాచిపోయిందమ్మా. రొప్పుదామన్నా గాలి ఆడుతలేదు. అట్లాంటప్పుడు ఆ ఎండల తెస్తె ఏమైతది?" అన్నారు. అది పొద్దు వాలకముందే పోయింది. తల నా ఒళ్ళోనే ఉంది. దాని బొచ్చులోంచి వచ్చే మిరప ఘాటుకు నేను దగ్గుతూనే ఉన్నాను, ఏడుస్తున్నానో దగ్గుతున్నానో నాకే తెలియలేదు.

చేను గట్టున, అడవి వైపు పాతిపెట్టాం. బావగారు వచ్చారు. ఏడ్చారు కూడా. "సల్లగ ఉంటదనే గదమ్మా పెట్టిన. చంపాలని పెడతనా?" అన్నారు. చంపాలని పెట్టలేదు. అది నాకు తెలుసు. ప్రేమగానే పెట్టారు, నలుగురికీ చూపించుకుంటూ పెట్టారు. నేను నెలల తరబడి వారం వారం ఏం చేస్తున్నానో ఒక్కసారి అడిగి ఉంటే చాలు. అడగడమంటే నాకు తెలుసని ఒప్పుకోవడం. అది ఆయనకు చేతకాలేదు. ఆ కన్నీళ్ళు చూస్తే నాకు జాలి కలగలేదు, ఇంకా మండింది.

మర్నాటి నుంచి ఊళ్ళో ఒకటే మాట. "పాపం, ఇక్కడి ఎండ పడలే." పరామర్శకు వచ్చినవాళ్ళకు బావగారు అదే చెప్పారు. మా ఆయన పక్కనే తల ఊపుతూ కూర్చున్నారు. నేను కాఫీలు పెట్టి తెచ్చి, ఎండ కాదు, మిరపకాయల గది అన్నాను. వచ్చినవాళ్ళు గ్లాసుల్లోకి చూసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక మా ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి, "ఎందుకే ఊకె గదే మాట? అన్న బాధ పడుతున్నడు. పోయింది ఎట్లాగూ రాదు" అన్నారు.

మీరు ఎందుకు చెప్పలేదు, నేను వద్దన్నానని అన్నకు ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

"చెప్తే బాగుంటదా?" అన్నారు.

ఆ కుక్క ప్రాణం కన్నా అన్నకు ఒక్క మాట చెప్పడం కష్టమయింది ఆయనకు. ఆయన కూడా బాధపడ్డారు, నాకు తెలుసు. రెండు రోజులు సరిగా తినలేదు. కానీ ఆ బాధ అంతా నా దగ్గరే, గదిలోనే. అరుగు మీదికి వెళితే ఎండే చంపింది.

ఎండను అనడం చాలా సులువు. ఎండకు అన్నదమ్ములు లేరు.

చిన్నది బతికింది. కొన్నాళ్ళు దగ్గింది, కళ్ళు పుసులు కట్టాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను, ఏసీ, కూలరు, తడి నేల. ఇప్పుడిది దానికి రెండో ఎండాకాలం. బాగా నేర్చుకుంది. ఎండ ఎక్కే వేళకు తనంతట తనే గోలెంలో దిగి గడ్డం గట్టు మీద పెట్టుకుని పడుకుంటుంది. చింతచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతుంది. ఊరి కుక్కలు కూడా ఇప్పుడు దాన్ని చూసి మొరగవు. చుట్టాలొస్తే బావగారు చూపిస్తారు: "చూసిన్రా, ఎట్ల అలవాటు పడ్డదో! మొదట్ల మా మరదలు ఊకె భయపడ్డది."

నేను లోపలే ఉంటాను. ఆయనతో అవసరమైన మాటలు మాట్లాడతాను. అన్నం వడ్డిస్తాను. కోల్డ్ స్టోరేజీలో వాటా నా పేర కూడా రాయిస్తామన్నారు. వద్దన్నాను.

మా ఆయన మాత్రం ఒకదానికి అలవాటు పడలేకపోతున్నారు. చిన్నది ఆయన దగ్గరికి రాదు. అరవదు, కరవదు, అట్లా అని పారిపోదు. ఆయన వస్తే లేచి, ఆయన చెయ్యి అందనంత దూరం వెళ్ళి కూర్చుంటుంది. మెడపట్టీ తీసేశారు, కొత్త బంతి తెచ్చారు, స్వీడన్‌లో తనకిష్టమైన చేప డబ్బాలు హైదరాబాదు నుంచి తెప్పించారు. చేప తింటుంది, ఆయన అటు వెళ్ళాక.

నిన్న సాయంత్రం వాకిట్లో గొంతుక్కూర్చున్నారు. చేతిలో పెరుగన్నం ముద్ద. ముద్దు పేరు పెట్టి, చిన్నప్పుడు కోటు లోపల పెట్టుకున్నప్పుడు పిలిచినట్టే పిలిచారు. అది గోలెం అవతల నిలబడి ఆయన చేతినే చూస్తోంది. చాలాసేపు పిలిచారు. ముద్దలోంచి పెరుగు ఆయన మణికట్టు మీదుగా కారుతోంది. ఆ ఇంట్లో అన్నను తప్ప ఎవరినీ బతిమాలని మనిషి, నా వైపు తిరిగారు.

"నువ్వు పిలిస్తె వస్తది" అన్నారు. "ఒక్కసారి నా దిక్కు పొమ్మని చెప్పరాదు?"

నేను చెబితే వెళ్తుంది. నా మాట మీద నమ్మకంతో వెళ్ళి ఆయన చేతిలో తింటుంది.

నేను చెప్పలేదు.